వినపడనివారి వాటా



'చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు' అనే సామెత మనం తరచు వాడుతుంటాం. తమిళంలో కూడా దాదాపు ఇదే సామెత ఉంది. వినపడనివాణ్ణి చూసి నవ్వడానికి భాషాభేదం అడ్డు రాలేదన్నమాట. అయితే ఆ మనిషికి చెవి చేసిన లోటెంత, సంఘం చేసిన లోటెంత అని విడదీసి చూసినవారు తక్కువ. ఈ రోజు ఆ లెక్క కొంచెం చూద్దాం.

ముందుగా ఆస్తి సంగతి. పుట్టుకతో గుడ్డివారికి, చెవిటివారికి తండ్రి ఆస్తిలో వాటా లేదని మనుస్మృతి చెప్పింది. వాటా పుచ్చుకున్నవారు వాళ్ళకు తిండీ బట్టా ఇవ్వాలని కూడా చెప్పింది. యాజ్ఞవల్క్య స్మృతిదీ దాదాపు ఇదే దారి. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు 'మితాక్షర' అనే వ్యాఖ్య రాశాడు. ఆయన ఉన్నది ఎక్కడో కాదు, మన కర్ణాటకలోనే. చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుడు (1076–1126) రాజ్యమేలిన కల్యాణ నగరంలో, అంటే నేటి బీదరు జిల్లా బసవకల్యాణంలో. తరువాత 13వ శతాబ్దంలో తిక్కనగారి సమకాలికుడు కేతన దాన్ని 'విజ్ఞానేశ్వరీయం' పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఇలా కన్నడ నేల మీద రాసిన ధర్మం తెలుగు నోట పలికింది.

ఎందుకీ నిషేధం? వేదానికే శ్రుతి అని పేరు. చదువు వినికిడి మీదనే, సాక్ష్యం వినికిడి మీదనే, ఒప్పందం నోటిమాట మీదనే నడిచిన కాలం అది. మంత్రం విని నేర్చుకోలేనివాడు కర్మకాండ చెయ్యలేడని, చెయ్యలేనివాడికి ఆస్తి దేనికని ఆనాటి ఆలోచన అని పండితులు చెబుతారు. మితాక్షరలో ఒక మెలిక ఉంది. పంపకాలయ్యాక వైద్యంతో లోపం నయమైతే వాటా ఇచ్చి తీరాలి. లోపం లేని అతని కొడుకులకూ వాటా ఉంది. ఇంగ్లీషువారి న్యాయస్థానాలు కూడా ఈ ధర్మశాస్త్రాన్నే పట్టుకుని తీర్పులు చెప్పాయి. చివరకు మితాక్షర కుటుంబాలకు వర్తించేలా 1928లో చేసిన చట్టం చెవిటివారి మీద ఈ ఆంక్షను తీసేసింది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం రోగం, అంగలోపం వంటి కారణాలతో ఎవరి వాటా పోదని స్పష్టంగా రాసింది.

ఇక పెళ్ళి సంగతి. మేనమామకో, మేనబావకో పిల్లనివ్వడం దక్షిణాదిలో పాత ఆచారం. పొలం బయటికి పోకూడదన్నది అందులో ఒక లెక్క. తరాల కిందట వలస వచ్చి పరభాషా ప్రాంతంలో స్థిరపడిన మనవంటి కుటుంబాలకు చుట్టుపక్కల సొంత మనుషులు కొద్దిమందే కావడం ఇంకో కారణం. కొన్ని రకాల పుట్టు చెవుడుకు మూలమైన లోపం తల్లిదండ్రులిద్దరిలోనూ దాగి ఉండవచ్చు. వాళ్ళిద్దరికీ చక్కగా వినపడుతుంది. కానీ పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు చెవుడు వచ్చే అవకాశం ఉంటుంది. దగ్గర బంధువుల్లో ఒకే లోపం ఇద్దరిలోనూ ఉండడం ఎక్కువ. ఇక్కడి విషాదం గమనించండి. పొలం నిలుపుకోవడానికి చేసుకున్న పెళ్ళిలో పుట్టిన బిడ్డకే పాత ధర్మం ఆ పొలంలో వాటా లేదంది! అయితే మేనరికాలన్నీ ఇలా అవుతాయని కాదు. బిడ్డ చెవిటిదైతే తల్లిని ఆడిపోసుకోవడం మాత్రం అన్యాయం. ఆ లోపం ఇద్దరి నుంచీ వచ్చింది.

మూడోది భాష. 18వ శతాబ్దంలో పారిస్‌లో అబే ద లెపే అనే మతాచార్యుడు చెవిటి పిల్లలకు సైగలతోనే చదువు చెప్పి, వాళ్ళకూ బుద్ధి ఉందని లోకానికి చూపించాడు. కానీ 1880లో మిలాన్‌లో సమావేశమైన ఉపాధ్యాయులు సైగలు వద్దు, నోటిమాటే నేర్పాలని తీర్మానించారు. అలా తీర్మానించినవారిలో దాదాపు అందరూ వినపడేవారే! మన దేశంలో 1880లలో బొంబాయిలో, ఆ తరువాత కలకత్తా, పాళయంకోట వంటి చోట్ల బడులు వచ్చాయి. 1965లో మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఏర్పడింది. సైగల భాషకు ఢిల్లీలో ప్రత్యేక పరిశోధన కేంద్రం రావడానికి మాత్రం 2015 దాకా ఆగవలసి వచ్చింది.

పారిస్‌లోని ఆ చెవిటి పిల్లల సంస్థలోనే ప్రాస్పర్ మెనియర్ వైద్యుడుగా ఉండేవాడు. కళ్ళు తిరిగి పడిపోవడం మెదడు జబ్బని అందరూ నమ్ముతున్న రోజుల్లో, దాని మూలం లోచెవిలో కూడా ఉండవచ్చని 1861లో ఆయన చెప్పాడు. ఎందుకంటే వినికిడితో పాటు ఒంటి తూకం నిలిపే పని కూడా లోచెవిదే. మన ఇళ్ళలో ఇప్పటికీ తల తిరిగితే పైత్యమంటాం, గాలి సోకిందంటాం. పెద్దవాళ్ళకు చెవిలో హోరు, దిమ్ము, తల తిరగడం కలిసి వస్తే చెవి వైద్యుడికి చూపించాలి.

చివరగా నా తప్పొకటి చెప్పుకోవాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నా తరగతిలో ఒక తెలుగు పిల్లవాడు వెనక బెంచీలో కూర్చునేవాడు. అడిగినదానికి జవాబు ఉండేది కాదు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, పాపం భాష రాలేదులే అనుకున్నాను. సరిహద్దు బడుల్లో మాకు సులువుగా దొరికే సాకు అది. ఒకరోజు నేను బోర్డు వైపు తిరిగి డిక్టేషన్ చెబుతూ వెనక్కి చూస్తే, వాడి పెన్సిలు ఆగిపోయి ఉంది. ఎదురుగా తిరిగి చెబితే మళ్ళీ కదిలింది. వాడు నా పెదవులు చూసి రాస్తున్నాడు! చిన్నప్పటి నుంచి చెవి కారుతుంటే వాళ్ళమ్మ నూనె కాచి పోసేదట. ఆ సంగతి నాకు తెలిసేసరికి ఏడాది గడిచిపోయింది. మరుసటి ఏడు వాడు బడికి రాలేదు.

అందుకే అమ్మలకూ నాన్నలకూ నా మనవి. బిడ్డ పిలిస్తే పలకకపోతే, ఏడాదిన్నర దాటినా మాట రాకపోతే, 'వాళ్ళ తాతకూ ఆలస్యంగానే మాటలొచ్చాయి' అని ఊరుకోకండి. కారే చెవిలో నూనె, ఆకు పసరు పొయ్యకండి. తోటి ఉపాధ్యాయులకు కూడా ఒక మాట. పిల్లవాడికి భాష రాలేదని తీర్పు చెప్పే ముందు, వాడికి మన మాట వినపడుతోందో లేదో చూడండి.

ఆస్తిలో వాటా చట్టం ఇచ్చింది. మాటలో, చదువులో వాటా మనం ఇవ్వాలి.