చేబ్రోలు శిలలు, కొత్తరెడ్డిపాలెం సమాజమందిరం

తెలుగునాట ప్రాచీన యూదుల సమాజమందిరం ఏదైనా శిథిలరూపంలోనైనా మిగిలి ఉందా అన్న సందేహం నన్ను చాలాకాలంగా వదలలేదు. (సినగాగుకు తెలుగు బైబిలు వాడిన ఈ మాట నాకు ఎంతో ఇష్టం.) మా సిద్దిపేట చుట్టుపక్కల బృహత్‌శిలాయుగపు సమాధులున్నాయి గాని యూదుల జాడ లేదు. గోలకొండ వజ్రాల కోసం 17వ శతాబ్దిలో మద్రాసు యూదు వర్తకులు ఇటు వచ్చారు. యూదుడిగా పుట్టి సూఫీగా మారిన కవి సర్మద్ 1647లో హైదరాబాదులో ఉన్నాడు; దబిస్తాన్ అనే పారశీక గ్రంథాన్ని రచించినవాడు యూదమతాన్ని గురించి అతని వద్దనే తెలుసుకున్నాడు. వారి మందిరమంటూ మనకు చూడడానికి ఏదీ లేదు.

చివరకు నా అన్వేషణ గుంటూరు జిల్లా చేబ్రోలు చెంతనున్న కొత్తరెడ్డిపాలెం చేరింది. అక్కడ 40 వరకు మాదిగ కుటుంబాలు తమను బెనె ఎఫ్రాయిము, అనగా ఎఫ్రాయిము సంతతి, అని చెప్పుకుంటాయి. క్రీ.పూ. 722 ప్రాంతంలో అష్షూరు రాజులు షోమ్రోనును పట్టుకొని ఇశ్రాయేలు ఉత్తర రాజ్యపు గోత్రాలను చెరగొనిపోయారు. చెదరిన ఆ గోత్రాలలో ఒకటి ఉత్తర భారతం మీదుగా తెలుగుదేశం చేరిందనీ, తాము ఆ వంశీయులమేననీ వీరి కథనం. నిన్నమొన్నటి వరకు వీరు బాప్టిస్టు క్రైస్తవులు. 1980ల చివరి నుంచి యూదాచారాలు పాటిస్తూ, 1990ల ఆరంభంలో సమాజమందిరం కట్టుకున్నారు. అంటే ఆ మందిరం వయసులో నాకంటే చిన్నది!

శిథిలాలకు మాత్రం అక్కడ కొదవ లేదు. చేబ్రోలు నిండా పాత ఆలయాలే. ఆ ఊరి శాసనమొకటి శాతవాహన రాజు విజయుని కాలానిదనీ, క్రీ.శ. 207 నాటిదనీ, దక్షిణాదిన దొరికిన సంస్కృత శాసనాల్లో అదే ప్రాచీనమైనదనీ 2019లో పురావస్తు శాఖ ప్రకటించింది. సప్తమాతృకల ఆలయం వద్ద ప్రాసాదమూ మండపమూ నిర్మింపజేసిన కార్తికుడనే వాని పేరు అందులో ఉంది. పద్దెనిమిది వందల ఏళ్ళు దాటినా ఆ పేరు చెక్కుచెదరలేదు.

ఎఫ్రాయిము వలసకథకు అటువంటి శాసనం లేదు. అందుచేత దానిని చరిత్రగా నేను అంగీకరించలేను. అయితే ఆధారం లేదని అనేముందు మరొక ప్రశ్న వేసుకోవాలి గదా! ఊరి మోటబావికి తోలు బొక్కెన కుట్టి, డప్పు బిగించి, ఊరందరికీ చెప్పులు చేసి ఇచ్చిన మాదిగ తాతల పేర్లు ఏ శిల మీద ఉన్నాయి? తోలు శిల కాదు, పదేళ్ళకే చీకిపోతుంది. వారి చరిత్ర నోటిమాటలోనే నిలిచింది. మా వైపు చిందువారు ఆడే జాంబపురాణంలో, భూమి పుట్టడానికి ఆరునెలల ముందే పుట్టిన జాంబవంతుడు మాదిగల మూలపురుషుడు. దానికి శాసనాధారం ఎవరైనా అడుగుతారా? కొత్తరెడ్డిపాలెం కథను కూడా నేను ఆ వరుసలోనే చదువుకున్నాను.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది మరొకటి. గొడ్డుమాంసం తింటారని ఊరు వీరిని దూరంగా పెట్టింది. అదే ఆహారాన్ని, శవాన్ని పూడ్చిపెట్టే ఆచారాన్ని వీరు తమ యూదు పూర్వికతకు సాక్ష్యాలుగా చూపుతారు. యూలియా ఎగరోవా, షాహిద్ పర్వేజ్ 2013లో వెలువరించిన పుస్తకంలో ఈ విషయాన్ని వివరంగా చర్చించారు. అవమానానికి కారణమైనదే వంశచిహ్నమైంది. దీనిని కేవలం వలస వెళ్ళడానికి పన్నిన ఎత్తుగడగా కొట్టివేసేవారితో నేను ఏకీభవించను.

మణిపూరు, మిజోరంలలోని బ్నే మెనాషేలను 2005లో ఇశ్రాయేలు ప్రధాన రబ్బీ తప్పిపోయిన గోత్రపు వారిగా గుర్తించారు. ఎఫ్రాయిము వారికి అప్పుడు ఆ గుర్తింపు దక్కలేదు. వారిలో పలువురు వ్యవసాయ కూలీలు. శనివారం విశ్రాంతి దినమని పనికి పోకుంటే ఆనాటి కూలి పోయినట్టే.