అరణపుటావు

దంపతులు విడిపోవునపుడు బిడ్డలెవరియొద్ద నుండవలెను, నగలెవరికి చెందవలెను అను ప్రశ్నలకు మన పెద్దలును న్యాయస్థానములును ఏదో యొక సమాధానము చెప్పుచునే యున్నారు. కొట్టములోని యావు సంగతి మాత్రము కట్టకడపటగాని యెవరికిని జ్ఞప్తికి రాదు. అది నోరులేని జంతువు. పలుపు పట్టినవారి వెంట నడచిపోవును. పట్టణములలో ఆవున్న చోట నిప్పుడు కుక్కయో పిల్లియో యున్నది గాని ప్రశ్న మాత్రము మాఱలేదు. ఇది నవ్వులాటకు తగిన విషయమని కొందఱికి తోచవచ్చును. చెంబెడు పాలమ్మి ఉప్పు పప్పు తెచ్చుకొను స్త్రీకి ఇది నవ్వులాట కాదు.

ఆపస్తంబ సూత్రము ననుసరించు కుటుంబములు మన యాంధ్రదేశమున అనేకములు గలవు. ఆ ధర్మసూత్రకారుడు భార్యాభర్తలకు విభాగము లేదనెను. పాణిగ్రహణము మొదలుకొని కర్మములయందును ద్రవ్యమునందును వారిద్దఱు నొకటియే యని యాయన తాత్పర్యము. మాట ఉదారమైనదే. కాని విభాగము లేదన్న చోట, విడువబడిన భార్యకు భాగమును లేదనుటకు ఎంత దూరము? ఒకటి రెండు తరములలోనే జనులు ఆ దూరమును దాటియుందురు.

కౌటిల్యుడు ఈ విషయమున మొగమోటము లేనివాడు. 1909లో మైసూరునందు ఆర్. శామశాస్త్రిగారు అచ్చొత్తించిన అర్థశాస్త్రమున విడాకుల ప్రకరణము స్పష్టముగా నున్నది. ధర్మవివాహములకు విడుదల లేదు. తక్కినవానియందు ఇరువురకును పరస్పర ద్వేషమున్నచో విడుదల కలదు. భార్య యపరాధము వలన భర్త విడుదల కోరినచో తాను పుచ్చుకొన్నది ఆమెకు మరల నీయవలెను. భర్త యపరాధము వలన భార్య విడుదల కోరినచో నతడు మరల నీయనక్కఱలేదు. చదువరులు ఈ రెండవ విధిని మఱియొకసారి చదువవలెను. తప్పు పురుషునిది, నష్టము స్త్రీది.

ఇక పుట్టింటివారిచ్చిన సొమ్ము మాట. దీనిని మన ప్రాచీనులు అరణమనిరి. సుభద్రా వివాహానంతరము శ్రీకృష్ణుడు ఇంద్రప్రస్థమునకు తెచ్చిన అరణమున మథురాదేశపు పాడియావులున్నవని భారతకథ. రాజకన్యకు మందలు, రైతుబిడ్డకు ఒక్క చూడియావు, భేదము సంఖ్యలోనే. తండ్రియు తల్లియు సోదరుడును ఇచ్చినది స్త్రీధనమని మనువు చెప్పెను. బంధువులు ప్రీతితో నిచ్చిన సొమ్మును ఆమె తన యిష్టము వచ్చినట్లు అమ్ముకొనవచ్చును, ఈయవచ్చును అని కాత్యాయనుడు తేల్చెను. విజ్ఞానేశ్వరుని మితాక్షర యీ పక్షమును విస్తరింపగా, దాని ననుసరించి కేతన పదుమూడవ శతాబ్దముననే తెనుగున విజ్ఞానేశ్వరీయమును వ్రాసెను. కాబట్టి అరణపుటావు ఆలిదని తెనుగువారికి తెలియదనుటకు వీలులేదు.

తెలిసియు జరుగకపోవుటకు కారణమొకటి యాజ్ఞవల్క్య స్మృతిలోనే యున్నది. కరవునందును, ధర్మకార్యమునందును, రోగమునందును, చెఱపడినపుడును భర్త తీసికొన్న స్త్రీధనము నతడు మరల నీయనక్కఱలేదట. గంగాతీరమున ఈ మినహాయింపు అరుదుగా వచ్చునది కావచ్చును. రాయలసీమలో కరవు అరుదా? 1876 మొదలు 1878 వఱకు మద్రాసు రాజధానిని పీడించిన మహాకరవున సీమజిల్లాలు ఎంత క్షోభించెనో చెప్ప నవసరము లేదు. వాన లేని యేట మొదట కొట్టము ఖాళీయగును. మినహాయింపే నియమమైన నేలపై, ఆలి తెచ్చిన యావు భర్త యప్పునకు తీరిపోయినదని యెవడు చెప్పినను శాస్త్రవిరుద్ధము కాకపోయెను. ఇక ధర్మకార్యమున్నది. ఇల్లు విడిచిపోయిన భార్య యావును తిరుపతి గోశాలకు సమర్పించి, తగవు తీఱినది, పుణ్యమును దక్కినది అని సంతోషించు భర్తను ఊహింపుడు. పరాయిసొమ్ముతో చేసిన గోదానమునకు ఫలమెవరికి చేరునో పౌరాణికులే చెప్పవలెను.

దూడల విషయమున మాత్రము మనుస్మృతి స్త్రీకి అనుకోని సహాయము చేసినది. ఒకని యాబోతు ఇతరుల యావులయందు నూఱు దూడలను పుట్టించినను అవి యావు గలవారివే గాని ఆబోతు గలవానివి కావని యచట నున్నది. ఈ మాట వేఱొక ప్రసంగమున, బీజక్షేత్ర వివాదమున చెప్పబడినది. ఐనను న్యాయము న్యాయమే. తల్లితో పిల్ల పోవును. పదియేండ్ల క్రిందట అరణముగా వచ్చిన యావు చచ్చినను, దాని పెయ్యయు, ఆ పెయ్య యీనిన పెయ్యయు నాలివే. "నీ యావెప్పుడో పోయినది, ఇవి మా యింట పుట్టినవి" అను అత్తవారి వాదమునకు ఇంతకంటె గట్టి జవాబు లేదు.

మఱి భర్త సంతలో తన డబ్బుతో కొన్న యావును భార్య పదియేండ్లు మేపినచో నెవరిది? ఈ ప్రశ్నకు శాస్త్రములు మౌనము వహించినవి. మా తలంపున దీనికి జవాబు గ్రంథములందు గాక గ్రామములందే యున్నది. పశువును కొనగలిగి మేపలేనివాడు దానిని మేపగలిగిన బీదవానికి పెంపకమునకిచ్చి, పుట్టిన దూడలనో వాని వెలనో చెరిసగము పంచుకొనుట మన పల్లెలలో నున్న వాడుక. సొమ్ము పెట్టినవానికి సగము, కుడితి పెట్టినవానికి సగము. పరుల విషయమున ఇంత చక్కగా కష్టమునకు వెలకట్టిన రైతు, తెల్లవారకముందు లేచి పేడ తీసి, ఉలవలుడికించి, వేరుసెనగ తీగ మోసికొనివచ్చి, పాలు పితికిన తన భార్యకు ఆ సగమును ఏల మఱచును? పరాయివాడు చేసిన పని పని, ఆలు చేసిన పని ధర్మము, అని కాబోలు!

ఈ తగవునకు మన జిల్లాలో నొక ప్రత్యేకతయు గలదు. 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాలో పుంగనూరు జమీందారీ ప్రాంతమున పుట్టిన పొట్టియావు సుమారు మూడడుగుల యెత్తు మాత్రముండును. కొద్దిపాటి మేతతో బ్రదుకును, ఎండకోర్చును. పాలు కొంచెమే యైనను వెన్న నూటికి ఎనిమిది పాళ్ల వఱకు నుండునని ప్రసిద్ధి. కరవునేల పేదరాలి కింతకంటె తగిన పాడి లేదు. పెద్ద పొదుగుల విదేశపు జాతులతో సంకరము చేయు నుత్సాహమున నీ జాతి క్షీణించెను. పలమనేరు పశుపరిశోధన కేంద్రము దానిని నిలుపుటకు పాటుపడినది. ఇప్పుడు తిరిగి గిరాకి వచ్చి, నగరములలో మేడలయందు ముద్దుకు పెంచుకొనుచున్నారు. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన నివాసమున వీనికి మేత పెట్టిన చిత్రములు దేశమంతయు చూచినది. పాడికొఱకు పెంచిన జంతువు ముద్దుకొఱకు పెంచు జంతువైనది, వెల లక్షలకెక్కినది. వెల పెరిగినకొలది "నాది" అను గొంతులును పెరుగును.

చట్టము మాటకు వత్తము. మద్రాసు రాష్ట్రమున 1949లో బహుభార్యాత్వమును నిషేధించి విడాకులనిచ్చు చట్టము వచ్చినపుడు చిత్తూరు ఆ రాష్ట్రములోనిదే. తరువాత 1955 నాటి హిందూ వివాహచట్టము దేశమంతటికిని వచ్చెను. కులాచారము ననుసరించి పంచాయతీ ముందర తెగతెంపులు చేసికొను హక్కును 29వ సెక్షను నిలిపినది. 27వ సెక్షను పెండ్లినాడో ఆ సమీపముననో వచ్చి, ఇరువురకును ఉమ్మడిగా చెందు వస్తువులను గూర్చి కోర్టు ఉత్తరువు చేయవచ్చు ననినది. పెండ్లియైన అయిదేండ్లకు తెచ్చుకొన్న కుక్కపిల్ల ఆ మాటలలో నిముడదు. 1985లో సుప్రీముకోర్టు ప్రతిభారాణి కేసున స్త్రీధనము భార్య సొంతమే, భర్త దాని నుంచుకొన్నచో ధర్మకర్త వంటివాడే యని నిర్ణయించినది. అరణపుటావునకు ఈ తీర్పు చాలును. వీధిలో దొరకిన పిల్లికి చాలదు. దాని నెవరును కొనలేదు, ఎవరును ఇయ్యలేదు.

స్విట్జర్లాండువారు 2003లో దీనికి వేఱు దారి తీసిరి. లాభమునకు గాక ప్రేమకు పెంచు జంతువు విషయమున తగవు వచ్చినచో, దానికెవరియింట మంచి వసతి కలదో వారికే న్యాయాధిపతి యిప్పించును. 2022 మొదలు స్పెయినునందును న్యాయాధిపతి యజమాని యెవరన్నది యటుంచి, కుటుంబము మేలును జంతువు మేలును చూచి యెవరియొద్ద నుండవలెనో నిర్ణయించును. మనకట్టి సెక్షను లేదు. కాని 1960 నాటి జంతుహింసా నివారణచట్టము, జంతువు నెవరు తమ సంరక్షణలో నుంచుకొందురో వారు దాని క్షేమమును చూడవలెననియు, ఆకలిదప్పుల పాలగునట్లు నిష్కారణముగా విడిచిపెట్టుట నేరమనియు చెప్పుచున్నది. ఇల్లు ఖాళీచేయునపుడు తలుపు తాళమువేసి, కుక్కను వీథిలో వదలిపోవు దంపతు లిరువురును దీనిని చదువవలెను.

పరస్పరాంగీకారముతో విడిపోవువారికి 1976లో చేర్చిన 13బి సెక్షను ఆరు మాసముల గడువు పెట్టినది. 2017 నుండి తగిన సందర్భమున కోర్టు దానిని తగ్గింపవచ్చును. వకీళ్లు వ్రాయు ఒప్పందములో భరణము, బిడ్డలు, పాత్రలు, పరుపులు అన్నియు నుండును. అందు మఱి రెండు పంక్తులు వ్రాయించుట కష్టము కాదు: ఆవు గాని కుక్క గాని యెవరియొద్ద నుండునో, పశువైద్యుని ఖర్చెవరిదో, దూడ పుట్టినచో నెవరికో. ఆ గడువున నెవరు నీళ్లు పెట్టవలెనో కూడ నందు వ్రాయవలెను. తీర్పు వచ్చువఱకు గాడి యెండియుండరాదు గదా.