ఖుక్రీ నావికులను పేరు పేరునా తలుచుకుందాం

సూరత్‌లో ఆల్థాన్ వైపు కాపురముంటున్న మనకు డుమస్ సముద్రతీరం దగ్గరే. ఆదివారాలు పిల్లల్ని తీసుకుని వెళ్ళొస్తూనే ఉంటాం. ఆ నీళ్ళకు ఆవల, సౌరాష్ట్ర కొసన డయ్యూ ఉంది. మన యుద్ధనౌక ఐ.ఎన్.ఎస్. ఖుక్రీ ఆ డయ్యూకి దూరంగా నడిసముద్రంలోనే 1971 డిసెంబరు 9 రాత్రి మునిగిపోయింది.

ఆ నెల మొదట్లో విశాఖ దగ్గర ఘాజీ మునిగిన సంగతి మన తెలుగువాళ్ళం గర్వంగా చెప్పుకుంటాం. అదే యుద్ధంలో ఖుక్రీ మిగిల్చిన దుఃఖం గురించి మాట్లాడేది తక్కువ.

శత్రు జలాంతర్గామిని వేటాడడానికి ఖుక్రీ, కిర్పాణ్ నౌకలు కలిసి వెళ్ళాయి. పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ ప్రయోగించిన టార్పెడో తగిలి ఖుక్రీ కొద్ది నిమిషాల్లోనే మునిగింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు అమరులయ్యారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తన లైఫ్ జాకెట్ ఒక నావికుడికి ఇచ్చేసి, ఓడతోపాటే ఉండిపోయారు. మరణానంతరం ఆయనకు మహావీర చక్ర ఇచ్చారు.

ఆయన పేరు అందరికీ తెలుసు. మరి ఆ 176 మంది? కడసారి చూపు కూడా దక్కని ఇళ్ళు అవి.

ఈ విషయంలో ఫ్రీమేసన్ల నుంచి ఒక మంచి నేర్చుకోవచ్చు. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన తమ 3,225 మంది సోదరుల జ్ఞాపకార్థం లండన్‌లో భవనం కట్టి 1933లో ప్రారంభించారు. పతకం వచ్చినవారూ, రానివారూ అనకుండా అందరి పేర్లూ ఒకే చుట్టలో రాసి, కంచు పేటికలో భద్రపరిచారు.

డయ్యూలో ఖుక్రీ స్మారకం ఉంది. అదే పేరుతో వచ్చిన రెండో ఖుక్రీ 32 ఏళ్ళు సేవచేసి, 2021 డిసెంబరులో మన విశాఖలోనే విరమించింది. 2022 జనవరిలో దాన్ని డయ్యూకి అప్పగించారు. విశాఖ ఓడ ఇంత దూరం వచ్చిందంటే మనం అక్కడిదాకా వెళ్ళలేమా?

సభ్యులకు ఒక మనవి. మీ ఊళ్ళో, మీ బంధువుల్లో ఖుక్రీ అమరుల కుటుంబం ఎవరైనా ఉంటే, వారి అనుమతితో ఆ నావికుడి పేరు, ఊరు, ఓడలో చేసిన పని రాసి పంపండి. వచ్చే సంచికలో ఒక పేజీ వారికోసం అట్టేపెడదాం. ఒక్క పేరు దొరికినా చాలు, అక్కడి నుంచే మొదలుపెడదాం.

జై హింద్!