‘వద్దు’ను గౌరవించే పాఠం

మేడ్చల్, శామీర్‌పేటల్లో ఊరు ఎక్కడ ఆగి నగరం ఎక్కడ మొదలవుతుందో చెప్పలేం. పాత చెరువు, నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, జీనోమ్ వ్యాలీ కంపెనీలు అన్నీ దగ్గరదగ్గరే. ఇలాంటి చోట ఎదిగే పిల్లలకు ఒంట్లో వచ్చే మార్పుల గురించి చెప్పడమే పెద్దలకు కష్టం. మనసుకు నచ్చినవారితో ఎలా మెలగాలో చెప్పడం ఇంకా కష్టం. ఆ రెండోది పాఠంగా మారడానికి దశాబ్దాలు పట్టింది.

తెలుగునాట ఇలాంటి ప్రశ్నలకు జవాబు ముందు పత్రికల్లో దొరికింది. ఆంధ్రప్రభలో మాలతీ చందూర్ ‘ప్రమదావనం’, స్వాతిలో డాక్టర్ సమరం శీర్షిక ఎందరికో దారి చూపాయి. ఇంట్లో నోరు విప్పలేనివాళ్లు వాళ్లకు ఉత్తరాలు రాసుకున్నారు.

బడిలోకి 1980లో జనాభా విద్య వచ్చింది. ఆ తర్వాత ఎయిడ్స్ భయం దేశాన్ని కుదిపేసింది. ఎన్నేళ్లుగానో తెరుచుకోని తలుపును అనుకోకుండా ఆ భయమే తెరిచింది. 2005లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థతో కలిసి కేంద్రం కౌమార విద్యా కార్యక్రమం మొదలుపెట్టింది. కానీ జబ్బు నివారణ ముందుకొచ్చేసరికి స్నేహం, గౌరవం వెనకబడ్డాయి. 2007లో మహారాష్ట్ర, గుజరాత్, కర్ణాటక వంటి రాష్ట్రాలు ఆ పాఠాలే వద్దన్నాయి. 2009లో వెంకయ్యనాయుడు అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ కూడా బడుల్లో లైంగిక విద్య వద్దనే చెప్పింది.

అదే ఏడాది లైంగిక విద్యపై యునెస్కో ఇచ్చిన మార్గదర్శకాల్లో మొదటి అంశం మానవ సంబంధాలే! ఈ పాఠాలు బడిలో ఉండాలని పట్టు విడవనివాళ్లకు అది పెద్ద ఆసరా. 2014లో రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం 10 నుంచి 19 ఏళ్లవారి కోసం మొదలైంది. ఈడువాళ్లకు ఈడువాళ్లే చెప్పాలన్నది అందులోని ఆలోచన. అలా చెప్పే పిల్లల కోసం 2017లో ‘సాథియా’ కిట్ వచ్చింది. ఒకరిపై ఒకరికి ఇష్టం కలగడం సహజమే, అవతలివాళ్లు వద్దంటే వద్దనే అర్థం, మగపిల్లాడు ఏడిస్తే తప్పులేదు అని చెప్పిందది. నా దృష్టిలో ఈ కథ మలుపు తిరిగింది అక్కడే. భయపెట్టడం పోయి, మర్యాద నేర్పడం వచ్చింది.

2020 ఫిబ్రవరిలో ఆయుష్మాన్ భారత్ కింద పాఠశాల ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. అందులోని 11 అంశాల్లో మూడోది మానవ సంబంధాలు. వారానికో గంట, బడికి ఇద్దరు టీచర్లు, వీలైతే ఒకరు మగ, ఒకరు ఆడ. ఆ మరుసటి నెలలోనే కరోనాతో బడులు మూతపడ్డాయి. పాఠం మాత్రం పుస్తకంలోనే ఉండిపోకుండా బడులతోపాటు మళ్లీ మొదలైంది.

మేడ్చల్‌లోనైనా, శామీర్‌పేటలోనైనా మీ పిల్లల సర్కారు బడిలో ఆ ఇద్దరు టీచర్లు ఎవరో కనుక్కోండి. ఆ గంట టైంటేబుల్లో ఉందో లేదో అడగండి.