పలకని సభ: బౌద్ధ సంప్రదాయంలో మౌనానికి గల అర్థాలు, హద్దులు

శిల్ప పరిశీలనకై కోల్‌కతా వచ్చినప్పుడల్లా నేను ఏక్‌బాల్‌పూర్‌లోనే బస చేస్తుంటాను. నేషనల్ లైబ్రరీ దగ్గర, గది అద్దె తక్కువ. పక్కనే ఖిదిర్‌పూర్ రేవు. రేవుకు పోయే లారీల మోత, మసీదుల నుంచి వేళ తప్పక వినవచ్చే అజాన్, అర్ధరాత్రి దాకా సద్దుమణగని వీధి. అక్కడ నిశ్శబ్దం దొరకదు. అక్కడి నుంచి బస్సెక్కి చౌరంగీలో దిగి, ఇండియన్ మ్యూజియంలోని భార్హుత్ గదిలో అడుగుపెట్టినప్పుడు, ఎదురుగా ఉన్న ఒక స్తంభం ఈ వ్యాసానికి కారణమైంది.

అది అజాతశత్రు స్తంభం. 1873లో కనింగ్‌హామ్ గుర్తించిన భార్హుత్ స్తూపప్రాకారంలోని భాగం. క్రీ.పూ. 2వ శతాబ్ది పని. ఏనుగుపై వచ్చిన రాజు, దిగి నిలిచిన రాజు, చివరకు మోకరిల్లిన రాజు ఒకే ఫలకంలో కనిపిస్తారు. అజాతశత్రువు భగవంతునికి వందనం చేస్తున్నాడని బ్రాహ్మీలిపిలో చెక్కి ఉన్నది. అయితే వందనం అందుకొంటున్న భగవంతుని రూపం మాత్రం లేదు. ఆసనం, దానిపై ఛత్రం, పాదముద్రలు, అంతే.

ఈ ఘట్టానికి మూలం దీఘనికాయంలోని సామఞ్ఞఫల సుత్తం. తండ్రి బింబిసారుని చంపించి రాజ్యానికి వచ్చిన అజాతశత్రువు, కార్తిక పౌర్ణమి రాత్రి జీవకుని మామిడితోటకు బయలుదేరుతాడు. అక్కడ 1,250 మంది భిక్షువులున్నారని జీవకుడు చెప్పాడు. తోట సమీపించినా దగ్గు గాని, తుమ్ము గాని వినిపించదు. రాజుకు ఒళ్ళు జలదరించింది. నన్ను శత్రువులకు పట్టి ఇవ్వబోవడం లేదు గదా అని జీవకుని అడుగుతాడు. తీరా లోపలికి వెళ్ళి, తేరిన మడుగులా ఉన్న ఆ సభను చూసి, తన కుమారుడు ఉదాయిభద్రునికి ఇంతటి శాంతి కలగాలని కోరుకొంటాడు. నిశ్శబ్దం ఒక్కటే. దోషం మోసుకొని వచ్చినవానికి అది మొదట కుట్రగాను, పిదప శాంతిగాను తోచింది. మౌనానికి తనంతట తానుగా అర్థం లేదనీ, పలుకగలవారి నడుమనే, సందర్భాన్ని బట్టి, దానికి అర్థం ఏర్పడుతుందనీ ఈ కథ వలన తెలుస్తుంది.

ఆ ఖాళీ ఆసనంపై పండితుల వాదం ముగియలేదు. తొలినాటి శిల్పులు బుద్ధుని రూపించడం మానుకొన్నారన్న ఫూషే సిద్ధాంతాన్ని 1990లో సుసాన్ హంటింగ్‌టన్ ప్రశ్నించారు. ఈ ఫలకాలలో పెక్కు, బుద్ధుని జీవితఘట్టాలు కావనీ, తరువాతి కాలపు భక్తుల తీర్థపూజలనీ ఆమె వాదన. మరుసటి ఏడే విద్యా దహేజియా, ఒకే చిహ్నానికి అనేకార్థాలు ఉండవచ్చునని బదులిచ్చారు. మన అమరావతి రాయి ఒకటి ఈ చర్చకు చక్కని సాక్ష్యం. నేడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఆ ఫలకంలో ఒకవైపు బోధివృక్షం, ఖాళీ ఆసనం. కొన్ని శతాబ్దాల తరువాత అదే రాతిని తిప్పి, రెండవవైపు స్తూపాన్నీ, దాని ముంగిట బుద్ధమూర్తినీ చెక్కారు. చూపకపోవడం ఒక తరం పద్ధతి, చూపడం మరొక తరం పద్ధతి. మొదటిదాన్ని లోపమని ఎంచే హక్కు మనకు లేదు.

వాఙ్మయంలోనూ ఇదే తీరు. ఆత్మ ఉన్నదా అని వచ్ఛగోత్తుడు అడిగితే బుద్ధుడు మౌనం వహించాడు. లేదా అని అడిగినా మౌనమే. అతడు వెళ్ళిపోయాక ఆనందుడు కారణం అడిగాడు. ఉన్నదంటే శాశ్వతవాదుల పక్షం, లేదంటే ఉచ్ఛేదవాదుల పక్షం వహించినట్లవుతుంది; అసలే తికమకలో ఉన్న వచ్ఛగోత్తుడు మరింత తికమక పడతాడు అన్నది సమాధానం. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటున్నది. ఆ మౌనం ఆనందుని దగ్గర కొనసాగలేదు. అడిగినవానికి దక్కని వివరణ, అర్థం చేసుకోగల శిష్యునికి దక్కింది. కనుక అది తెలియనితనాన్ని కప్పిపుచ్చే మౌనం కాదు, వినేవాని స్థితిని ఎరిగిన మౌనం. 406లో కుమారజీవుడు చీనా భాషలోకి అనువదించిన విమలకీర్తి నిర్దేశంలో, అద్వయాన్ని గురించి బోధిసత్త్వులందరూ చెప్పిన తరువాతనే విమలకీర్తి మౌనం వస్తుంది. అంతకుముందు వారు చెప్పిన మాటలు లేకుంటే ఆ మౌనానికి విలువ లేదు.

సంఘజీవనంలో మౌనం ఒక విధాన నియమం కూడా. విందుకు పిలిచిన గృహస్థునికి భగవంతుడు మౌనంతోనే అంగీకారం తెలిపేవాడు. ఉపసంపదలో ప్రతిపాదనను ఒకసారి, ప్రకటనను మూడుసార్లు వినిపిస్తారు. సమ్మతించేవారు మౌనంగా ఉండాలి, సమ్మతించనివారు పలకాలి. ఉపోసథంనాడు పాతిమొక్ఖం వల్లించేటప్పుడు, పరిశుద్ధులేనా అని మూడుసార్లు అడుగుతారు. పలకకపోతే పరిశుద్ధులని అర్థం. దోషం ఉండీ, గుర్తుండీ పలకకపోతే, ఆ మౌనం తెలిసి ఆడిన అబద్ధంతో సమానం. నోరు విప్పకుండానే అబద్ధమాడవచ్చునని ఇంత స్పష్టంగా చెప్పిన నియమావళులు అరుదు.

మహావగ్గంలోని మరొక కథ ఇంతకన్న ముఖ్యమైనది. కోసలదేశంలో కొందరు భిక్షువులు కలహాలు రాకుండా ఉండాలని, వర్షావాసం మూడు నెలలూ ఒకరితో ఒకరు మాట్లాడకూడదని కట్టుబడ్డారు. నీళ్ళకుండ ఎత్తవలసి వస్తే చేతిసైగతో తోడు పిలిచేవారు. శ్రావస్తికి వచ్చి, తాము సుఖంగా గడిపామని చెప్పుకొన్నారు. బుద్ధుడు మెచ్చుకోలేదు. పశువుల వలె కలిసి బ్రతికి సుఖమంటున్నారని మందలించి, ఆ మూగవ్రతాన్ని నిషేధించాడు. దాని స్థానంలో పవారణను విధించాడు. చూచినది, విన్నది, అనుమానించినది ఏదైనా నాలో దోషంగా ఉంటే దయతో చెప్పండని ప్రతి భిక్షువూ సంఘాన్ని అర్థించే విధి అది. వర్షావాసం ముగింపు మాటతో జరగాలని, అదీ తనపై విమర్శను ఆహ్వానించే మాటతో జరగాలని దాని తాత్పర్యం. ఆర్యమౌనం ధ్యానానికి చెందినది. సంఘవ్యవహారంలో మూగతనానికి ఆ పేరు చెల్లదు.

చరిత్రరచనలోనూ ఈ భేదం పాటించవలసి ఉన్నది. పూర్ణఘట ఫలకాన్ని దానం చేసిన చర్మకారుడు విధికుని పేరు అమరావతి శాసనం వల్ల నేటికీ నిలిచింది. ఆ ఘటాన్ని చెక్కిన చేతి పేరు తెలియదు. 1797లో అమరావతి చూచిన కాలిన్ మెకంజీ పేరు ప్రతి గ్రంథంలోనూ ఉంటుంది. ఆయన 1821లో మరణించి, ఈ నగరంలోనే సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానవాటికలో ఖననమయ్యాడు. ఆయన వెంట శాసనాలు చదివి, ఊళ్ళ కైఫీయతులు సేకరించిన కావలి సోదరుల పేర్లు మాత్రం మ్యూజియం సందర్శకులలో ఎందరికి తెలుసు? వారు మూగవారు కారు. కావలి వెంకట రామస్వామి దక్కను కవుల చరిత్రను ఇంగ్లీషులో రాసి 1829లో కలకత్తాలోనే అచ్చువేయించాడు. మెకంజీ అనంతరం ఆ సేకరణను తన ఆధ్వర్యాన కొనసాగించాలని లక్ష్మయ్య కోరినా అవకాశం దక్కలేదు. పలికినవారిని విననప్పుడు ఏర్పడే మౌనం వారిది కాదు, విననివారిది.

ఇక తవ్వకాల మౌనం. నాగార్జునకొండ లోయను నీట మునగకముందు 1954 నుంచి 1960 వరకు తవ్వారు. నివేదిక మొదటి సంపుటం 1975లో, చారిత్రక యుగానికి సంబంధించిన రెండవ సంపుటం 2006లో వెలువడ్డాయి. మునిగిన నేలను మళ్ళీ తవ్వి సరిచూసుకొనే వీలు లేదు. అటువంటి చోట నివేదిక ఒక్కటే సాక్షి.

ఇతరులను అనే ముందు నా సంగతి చెప్పుకోవాలి. పరిశోధనలో చేరిన తొలినాళ్ళలో, కృష్ణాతీరంలో ఒక చిన్న దిబ్బను చదును చేసే విషయమై సమావేశం జరిగింది. అంతకు రెండు వారాల ముందే అక్కడ పెద్ద ఇటుకల వరుసనూ, చెక్కడపు సున్నపురాతి ముక్కనూ నేను చూచి, కొలిచి, రాసుకొన్నాను. అధ్యక్షులు అభ్యంతరం ఉన్నదా అని రెండు మార్లు అడిగారు. పెద్దల ముందు మాట్లాడటం మర్యాద కాదనుకొన్నాను. ఇంకెవరైనా చెబుతారనుకొన్నాను. తీర్మానం ఏకగ్రీవమయింది. నెల తిరగకుండానే దిబ్బ లేదు. నా మౌనాన్ని వినయమని చాలాకాలం సమర్థించుకొన్నాను. పాతిమొక్ఖ నిదానం చదివిన తరువాత ఆ సమర్థన నిలవలేదు. ఆ సభలో నా మౌనానికి సమ్మతి అన్న అర్థమే ఉన్నది. మరో అర్థం అక్కడ ఎవరూ తీసుకోలేరు.

ఏక్‌బాల్‌పూర్ గదిలో, లారీల మోత నడుమ, ఆనాటి నోటుపుస్తకాన్ని ఈ వారం తిరిగి విప్పాను. ఇటుకల కొలతలు, దిబ్బ రూపురేఖ, రాతిముక్కపై ఉన్న పద్మదళాల చిత్తుబొమ్మ ఉన్నాయి. శుద్ధప్రతి సిద్ధం చేస్తున్నాను, పూర్తికాగానే ఈ పత్రికకు పంపుతాను. దానివల్ల దిబ్బ తిరిగి రాదు. కాని అక్కడ ఏమున్నదో ఒక సాక్ష్యం మిగులుతుంది. అందులో చూచినది, విన్నది, అనుమానించినది ఏ దోషమున్నా చెప్పవలసిందిగా పాఠకులను, ప్రత్యేకించి భిక్షుసంఘాన్ని, అర్థిస్తున్నాను.