కర్రీ పాయింట్

వండిన కూరలు, పప్పు, సాంబారు, పచ్చళ్లు పొట్లాలు కట్టి అమ్మే చిన్న దుకాణాన్ని తెలుగు పట్టణాల్లో కర్రీ పాయింట్ అంటారు. ఇక్కడ కూర్చుని తినడానికి బల్లలుండవు, వడ్డించే మనిషి ఉండడు. కొనేవారు అన్నం ఇంట్లోనో గదిలోనో వండుకుని, కూర మాత్రం ఇక్కడినుంచి తీసుకెళ్తారు. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం, వరంగల్ మొదలుకొని చిన్న పట్టణాల బస్టాండు సెంటర్ల దాకా ఇవి కనిపిస్తాయి. తక్కువ పెట్టుబడితో సొంత కాళ్లమీద నిలబడదామనుకునే కుటుంబాలు ముందుగా ఆలోచించే వ్యాపారాల్లో ఇదొకటి. చేతివంట బాగా వచ్చినవారు ప్రతి వీధిలో ఉంటారు గనక మొదలుపెట్టడం సులువు. ఒక రోజు వంటలో డబ్బు ఎక్కడ మిగులుతుందో, ఎక్కడ పోతుందో పట్టుకోగలిగినవారు తక్కువ గనక మూతపడటమూ సులువే. అందుకే ఈ వ్యాసంలో వంట కంటే లెక్కకు ఎక్కువ చోటు దక్కింది.

పుట్టుక, వ్యాప్తి

ఫలానా వ్యక్తి ఫలానా వీధిలో మొదలుపెట్టాడని చెప్పదగ్గ వ్యాపారం కాదిది. మెస్సులు, క్యారేజీ భోజనాలు అంతకుముందే ఉన్నాయి. వాటిలోంచి అన్నాన్ని తీసేసి కూరను విడిగా అమ్మడమే ఇందులోని కొత్త ఆలోచన. అన్నానికి బియ్యం కడిగి కుక్కర్ మీట నొక్కితే చాలు. కూరకు మాత్రం కొనాలి, తరగాలి, తాలింపు పెట్టాలి, దగ్గరుండి కలపాలి. ఆ గంట పనికి ధర కట్టి అమ్మినవారే కర్రీ పాయింట్ యజమానులు. హోటల్ భోజనం ధరలో బల్ల అద్దె, వడ్డన జీతం కలిసి ఉంటాయి. ఇక్కడ అవి లేవు. పైగా ఒక కూర పొట్లం, ఒక పప్పు పొట్లం కొంటే ఇద్దరికి పూట గడుస్తుంది.

హైదరాబాదులో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక ఐటీ ఉద్యోగాల జోరు పెరిగింది. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ కంప్యూటర్ కోర్సులు నేర్పే సంస్థలు వెలిశాయి. జిల్లాలనుంచి వచ్చి నలుగురైదుగురు కలిసి గది తీసుకునే కుర్రాళ్లు, అమ్మాయిలు ఈ దుకాణాలకు స్థిరమైన బేరం అయ్యారు. తర్వాత భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లు, పిల్లలు దూరాన ఉన్న వృద్ధ దంపతులు తోడయ్యారు. తెలుగు ఉద్యోగులు ఎక్కువగా ఉండే బెంగళూరు మారతహళ్లి వంటి చోట్లకూ ఈ తరహా దుకాణాలు చేరాయి. 2020 మార్చి లాక్‌డౌన్‌తో హాస్టళ్లు, గదులు ఖాళీ అయినప్పుడు కేవలం బ్యాచిలర్ల మీద ఆధారపడిన దుకాణాలు గట్టి దెబ్బ తిన్నాయి. కుటుంబాలు కూడా కొనే వీధిలో ఉన్నవి కొంత నయం. చోటు వెతికేటప్పుడు అద్దె ఎంత అని అడిగేముందు, ఆ చుట్టుపక్కల ఎన్ని రకాల మనుషులు కాపురముంటున్నారో చూడాలన్న పాఠం అప్పుడు చాలామందికి అందింది.

ఒక రోజు పని

తెల్లవారుజామున రైతుబజారుకో టోకు మార్కెట్‌కో వెళ్లి కూరగాయలు తేవడంతో పని మొదలవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న ప్రారంభమైన రైతుబజార్లు, హైదరాబాదు బోయిన్‌పల్లి మార్కెట్ వంటివి ఈ వ్యాపారానికి ఆధారం. పదకొండుకల్లా పప్పు, సాంబారు, చారు, రెండు వేపుళ్లు, ఒక పులుసుకూర, ఒక రోటి పచ్చడి సిద్ధం కావాలి. దొండకాయ వేపుడు, ఆలూ వేపుడు, గుత్తి వంకాయ, గోంగూర పచ్చడి ఎక్కడైనా అమ్ముడుపోతాయి. మధ్యాహ్నం బేరం రెండు రెండున్నరకు తగ్గుతుంది. సాయంత్రం మళ్లీ వంట. రాత్రి పుల్కాలు అడిగేవారు ఎక్కువ. ఆదివారం కోడి కూర, గుడ్డు పులుసు లేకపోతే బేరం పక్క దుకాణానికి పోతుంది. శ్రావణం, కార్తీకం, అయ్యప్ప దీక్షల రోజుల్లో మాంసాహారం అమ్మకం పడిపోతుంది. ఏ కూర ఎంత వండాలన్నది పంచాంగం, జీతాల తేదీ, వాన మబ్బు అన్నీ చూసి నిర్ణయించాల్సిన సంగతి.

లెక్క

అంకెలు ఊరిని బట్టి, వీధిని బట్టి మారతాయి. లెక్క నడక తెలియడానికి ఒక ఊహా దుకాణాన్ని తీసుకుందాం. రోజుకు 150 పొట్లాలు, పొట్లం 40 రూపాయలు. అన్నీ అమ్ముడైతే గల్లాపెట్టెలోకి 6,000 వస్తాయి. కూరగాయలు, పప్పులు, నూనె, మసాలాలకు 2,700. గ్యాసుకు 350. ఇద్దరు సహాయకులకు కలిపి 1,100. నెలకు 15,000 అద్దె అంటే రోజుకు 500. కరెంటు, నీళ్లు, చిల్లర ఖర్చు 150. కవర్లు, డబ్బాలకు పొట్లానికి రూపాయి చొప్పున 150. మొత్తం ఖర్చు 4,950, మిగులు 1,050.

మామూలు కిరాణా కొట్టుకూ దీనికీ అసలు తేడా ఇక్కడే ఉంది. కిరాణాలో అమ్ముడుపోని సబ్బు రేపటికి ఉంటుంది. కర్రీ పాయింట్‌లో పొయ్యి వెలిగించి పోపు వేశాక సరుకు, గ్యాసు, కూలి, అద్దె అన్నీ ఖర్చయిపోయినట్టే. అమ్మినా అమ్మకపోయినా అందులో 4,800 ఖర్చు తప్పదు. ఇక తేడా తెచ్చేది పొట్లం కవరు రూపాయి ఒక్కటే. అంటే అమ్మిన ప్రతి పొట్లం 39 రూపాయలు తెస్తుంది, 4,800 తిరిగి రాబట్టుకోవడానికే దాదాపు 123 పొట్లాలు పోవాలి. ఆ రోజు సంపాదనంతా 124వ పొట్లం నుంచి 150వ పొట్లం మధ్యనే ఉంది. సాయంత్రం వాన పడి 30 పొట్లాలు మిగిలాయనుకోండి. పాత్రలు చూస్తే అయిదింట నాలుగు వంతులు ఖాళీగానే కనిపిస్తాయి, గల్లాలో 4,800 రూపాయలుంటాయి, మనసుకు బాగానే జరిగిందనిపిస్తుంది. లెక్కలో మాత్రం 120 రూపాయల నష్టం.

కాబట్టి ఈ వ్యాపారంలో నేర్పంతా ఎంత వండాలో తెలుసుకోవడంలో ఉంది. అనుభవజ్ఞులు రోజూ ఒక నోటు పుస్తకంలో మూడు ముక్కలు రాస్తారు: ఏ కూర ఎంత వండాం, ఎన్ని గంటలకు అయిపోయింది, ఎంత మిగిలింది. రెండు నెలలు రాస్తే సోమవారం బెండకాయకు, శనివారం పప్పుకు ఎంత గిరాకీ ఉందో చేతికి తెలుస్తుంది. ఎనిమిదిన్నరకే వేపుడు అయిపోయిందని కొనేవారు విసుక్కోవడం, పారబోయడం కంటే చాలావరకు మేలు. నెలకోసారి కూర్చుని రాసే పెద్ద పద్దు కంటే రోజూ రాసే ఈ చిన్న పద్దు విలువైనది. వెనకటి వర్తకులు చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలు ఉంచేవారు. ఏ రోజుకా రోజు లావాదేవీలు చిట్టాలో, వాటిని ఖాతాలవారీగా తెచ్చి ఆవర్జాలో రాసేవారు. ఫోన్‌లో రాసినా పద్ధతి అదే.

ఇప్పుడు ఆ 1,050 సంగతి. నెలకు 31,500 అంటే వినడానికి బాగుంటుంది. దుకాణంలో భార్యాభర్తలిద్దరూ తెల్లవారుజామునుంచి రాత్రి పదింటిదాకా పనిచేస్తారు. సహాయకులకు ఇచ్చే 550 కూలే వీళ్లకూ కట్టినా ఇద్దరికి 1,100 అవుతుంది. మిగులు అంతకంటే 50 తక్కువ. అంటే ఆ దంపతులు వ్యాపారం నుంచి ఇంకా లాభం తీయలేదు, కూలి కూడా పూర్తిగా రాలేదు. చాలా కుటుంబాల్లో వండే ఆవిడ పనికి పద్దులో చోటే ఉండదు. ఆవిడకు జ్వరమొచ్చి వంటమనిషిని పెట్టుకున్న వారం దుకాణం నష్టంలోకి జారితే, అప్పుడు తెలుస్తుంది ఇన్నాళ్లూ ఎవరి శ్రమ లాభం పేరుతో లెక్కకెక్కిందో. యజమాని కూలి, ఇంటావిడ కూలి మొదటి రోజునుంచే ఖర్చు కింద రాయాలి. ఇది చిన్నమాటగా తీసిపారేయదగ్గది కాదు. పొట్లం ధర 40 ఉండాలా, 45 ఉండాలా అన్నది దీనిమీదే తేలుతుంది.

పాత్రలు, పెద్ద పొయ్యి, ఫ్రిజ్, మిక్సీలకు 90,000 పెట్టి, అవి అయిదేళ్లు వస్తాయనుకుంటే రోజుకు దాదాపు 50 వాటి అరుగుదల. దుకాణం అడ్వాన్సు ఖర్చు కాదుగానీ, ఖాళీ చేసేదాకా చేతికి రాని డబ్బు. ఉన్నదంతా అడ్వాన్సుకు, బోర్డుకు, రంగులకు పెట్టి, మొదటి రెండు నెలల సరుకుకు అప్పు చేసేవారు ఎందరో. బేరం కుదురుకునేదాకా రోజువారీ సరుకుకు కావలసిన డబ్బు పక్కన పెట్టుకున్నాకే బోర్డు సంగతి చూడాలి.

ధరల ఆటుపోట్లూ ఉంటాయి. 2023 జూలైలో టమాటా కిలో వంద రూపాయలు దాటి చాలా పైకి పోయింది. మదనపల్లె మార్కెట్ పేరు రోజూ వార్తల్లో వినిపించింది. పొట్లం ధర పెంచితే కొనేవారు రారు, పెంచకపోతే గిట్టదు. తెలివైనవారు ఆ వారాల్లో టమాటా పప్పును మామిడికాయ, గోంగూర, దోసకాయ పప్పులతో మార్చారు. చింతపండు వంటలు ఎన్నో ఉన్న తెలుగు వంటకు ఈ వెసులుబాటు ఎక్కువే.

అప్పు, వడ్డీ

తెలుగు నాట వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెబుతారు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకు చెప్పేది ఏడాది శాతం. ఈ రెండింటినీ ఒకే కొలతలోకి తెచ్చుకోకుండా పోల్చకూడదు.

చిరువ్యాపారులను ఎక్కువగా నలిపేది రోజువారీ ఫైనాన్స్. పదివేల అప్పని రాసుకుని, ముందే వెయ్యి కోసి 9,000 చేతికిస్తారు. రోజుకు 100 చొప్పున నూరు రోజులు వసూలు చేస్తారు. పదివేలకు వెయ్యే కదా అనిపిస్తుంది. కానీ అసలు రోజూ తగ్గుతూ వస్తుంది గనక, సగటున వాడుకున్నది నాలుగున్నర వేల చిల్లరే. ఏడాది లెక్కన ఆ వడ్డీ దాదాపు 78 శాతం అవుతుంది. ఇదే డబ్బు, ఇదే తీర్చే పద్ధతి రెండు రూపాయల వడ్డీకైతే నూరు రోజులకు 300 చుట్టూ పడేది. అయినా జనం తీసుకుంటారు. ఎందుకంటే కాగితాలు అడగరు, అడిగిన రోజే ఇస్తారు, దుకాణం దగ్గరికే వచ్చి వసూలు చేసుకుంటారు. అలా తీసుకునేవారిని తప్పుపట్టడం కంటే మిగతా దారులు ముందే తెరిచి పెట్టుకోవడం మంచిది.

అలాంటి దారుల్లో మొదటిది మహిళా పొదుపు సంఘం. 1982లో కేంద్రం మొదలుపెట్టిన డ్వాక్రా పథకం పేరే ఇప్పటికీ ఈ సంఘాలకు జనం నోట నిలిచింది. 1992లో నాబార్డు సంఘాలను బ్యాంకులతో కలిపే ప్రయోగం చేపట్టింది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పావలా వడ్డీ, అంటే ఏడాదికి 3 శాతం, పథకం తెచ్చింది. 2015లో వచ్చిన ముద్ర పథకంలో శిశు విభాగం కింద 50,000 దాకా తాకట్టు లేకుండా అప్పు దొరుకుతుంది. తోపుడుబండి మీద అమ్మేవారికి 2020 జూన్‌లో మొదలైన పీఎం స్వనిధి ఉంది. అందులో 10,000గా ఉన్న తొలి అప్పును 2025లో 15,000కు పెంచారు. సకాలంలో తీర్చినవారికే తర్వాతి విడతలో పెద్ద మొత్తం ఇస్తారు.

చట్టం, అనుమతులు

2006 నాటి ఆహార భద్రత చట్టం కింద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదు లేకుండా వండి అమ్మకూడదు. 2011 నిబంధనలు ఏడాది అమ్మకం 12 లక్షల లోపువారికి ఏటా 100 రూపాయల రుసుముతో మామూలు నమోదును, అంతకు మించినవారికి లైసెన్సును పెట్టాయి. వండి వడ్డించే వ్యాపారాల్లో ఏడాది అమ్మకం 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు వస్తుంది. ఈ హద్దులన్నీ అమ్మకాన్ని బట్టే గానీ లాభాన్ని బట్టి కాదు. మన ఊహా దుకాణం రోజుకు 6,000 చొప్పున ఏడాదికి 21 లక్షలకు పైగా అమ్ముతుంది, అంటే 2011 నాటి హద్దునూ, జీఎస్టీ హద్దునూ దాటేసింది. జీఎస్టీలో చిన్న వ్యాపారులకున్న కాంపొజిషన్ పద్ధతి ఎంచుకుంటే అమ్మకంలో 5 శాతం, రోజుకు 300, కట్టాలి. దాన్ని కొనేవారి దగ్గర విడిగా వసూలు చేయకూడదు. ఆ మూడు వందలు ముందే ధరలో లేకపోతే 1,050 కాస్తా 750 అవుతుంది. 2025 జూలైలో బెంగళూరులో యూపీఐ చెల్లింపుల ఆధారంగా చిన్న వ్యాపారులకు పన్ను నోటీసులు వెళ్లినప్పుడు హద్దు అమ్మకాన్ని బట్టేనన్న సంగతి తెలియనివారు బెంబేలెత్తారు. ఇంటి ఖర్చుకు, దుకాణానికి ఒకే క్యూఆర్ కోడ్, ఒకే ఖాతా వాడితే, బంధువులు పంపిన డబ్బు కూడా అమ్మకంలా కనిపిస్తుంది. వేరే ఖాతా తెరవడానికి ఇది చాలిన కారణం.

మున్సిపల్ ట్రేడ్ లైసెన్సు, దుకాణాల చట్టం కింద నమోదు కూడా కావాలి. 2020 జూలై 1 నుంచి ఉన్న ఉద్యమ్ నమోదు ఉచితం, అప్పు అడిగేటప్పుడు పనికొస్తుంది. ఇంటి వాడకపు 14.2 కిలోల సిలిండరుతో వ్యాపారం చేయడం నేరం, 19 కిలోల వాణిజ్య సిలిండరే వాడాలి.

పొట్లం, శుభ్రత

పొగలు కక్కే సాంబారును పల్చటి పాలిథిన్ కవర్లో పోసి ముడివేయడం ఈ వ్యాపారానికి పట్టిన పెద్ద దోషం. 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పల్చని ప్లాస్టిక్ సంచులను దేశమంతటా నిషేధించారు. ఆహారానికి తగిన డబ్బాలు ఖరీదే. అందుకు విరుగుడుగా కొందరు స్టీలు గిన్నె తెచ్చుకున్నవారికి రెండు రూపాయలు తగ్గిస్తారు, లేదా ఒక గరిటె ఎక్కువ వేస్తారు. పొట్లానికి రూపాయి ఖర్చు తప్పుతుంది గనక, ఆ తగ్గింపులో సగం దుకాణానికి తిరిగొచ్చినట్టే.

వేడి కూరలను 60 డిగ్రీల సెల్సియస్‌కు పైన, చల్లగా ఉంచాల్సినవి 5 డిగ్రీలకు లోపల ఉంచాలి. ఈ రెండింటి నడుమ సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. కొబ్బరి పచ్చడి, పప్పు, కోడి కూర తొందరగా పాడవుతాయి. ఊరగాయలకు, ఎక్కువ చింతపండు పడిన పులుసులకు కొంత నిలవ శక్తి ఉంది. మధ్యాహ్నం మిగిలింది రాత్రికి తాజా కూరలో కలపడం నష్టం పూడ్చుకునే దారిగా కనిపిస్తుంది. వారంవారం వచ్చే మనిషి ఆ తేడా నాలుకతో పట్టేసి మరుసటి రోజు రాడు, ఎందుకు రాలేదో చెప్పడు కూడా.

విస్తరణ

ఒక దుకాణం నిలదొక్కుకున్నాక చాలామంది రెండోది తెరుస్తారు. రుచి ఒక్కరి చేతిలో ఉన్నప్పుడు అది అరుదుగా కుదురుతుంది. పోపు, కారం, ఉప్పు కొలతలు కాగితం మీదికెక్కిన దుకాణానికే రెండో చోటు నప్పుతుంది. పాత పాత్రలతోనే ఎక్కువ సంపాదించే మార్గం ముందస్తు ఆర్డర్లు: పుట్టినరోజులు, వ్రతాలు, ఆఫీసు భోజనాలు. ఎంత వండాలో ముందే తెలుస్తుంది, సగం డబ్బు ముందే వస్తుంది. ఫోన్ యాప్‌ల ద్వారా అమ్మితే బేరం పెరుగుతుందిగానీ వాటి కమిషన్ పెద్దది, 40 రూపాయల పొట్లం ఆ కోతను తట్టుకోదు. తెలంగాణలో 2024 నుంచి మహిళా సంఘాలు ఇందిరా మహిళా శక్తి క్యాంటీన్లు నడుపుతున్నాయి. కర్రీ పాయింట్ అనుభవం ఉన్న మహిళలకు ఇలాంటి వంటశాలల్లోదీ తెలిసిన పనే, కాకపోతే అక్కడ పద్దు నలుగురి ముందు చూపాల్సి ఉంటుంది.