తగర నుంచి పాంపేకి

తేరణా ఏరు మంజీరలో కలుస్తుంది, మంజీర కందకుర్తి దగ్గర గోదావరిలో. అంటే మహారాష్ట్రలోని తేర్ ఊరి నీళ్ళు రాజమండ్రి పుష్కరాల రేవు దాకా వస్తాయి. శాతవాహనుల నాడు ఆ ఊరు తగర. అక్కడి సరుకు మాత్రం పడమటి దారి పట్టి, బండ్ల మీద భరుకచ్ఛం రేవు చేరేదని ‘పెరిప్లస్’ అనే సముద్ర వర్తక గ్రంథం రాసిన గ్రీకు చెప్పాడు. ఆ రేవులో ఓడలకెక్కిన వాటిలో ఏనుగు దంతమూ ఉంది.

అలా సముద్రం దాటింది ఒక దంతపు స్త్రీమూర్తి. ఎత్తు పాతిక సెంటీమీటర్లకు అటూ ఇటూ. చేతుల నిండా గాజులు, కాళ్ళకు బరువైన అందెలు, నడుముకు మొలనూలు, గుడ్డపీలిక లేదు. ఇరుపక్కలా చెలికత్తెలు. లక్ష్మి అన్నారు గానీ, యక్షిణి అనేవాళ్ళ మాటే నాకు నచ్చుతుంది. పీఠం మీది ఖరోష్ఠి అక్షరాన్ని చూపి ఆమెది వాయవ్య దేశమనేవారూ ఉన్నారు. తేర్‌లోనూ భోకర్దన్‌లోనూ ఆమె పోలికల బొమ్మలే దొరికాయి. నా ఓటు వాటికే.

ఆమె చేరింది ఇటలీలోని పాంపే ఊరికి, అబొందాంజా వీధిలోని ఒక ఇంటికి. క్రీ.శ. 62లో భూకంపం ఆ ఊరిని కుదిపేసింది. గోడలు మళ్ళీ లేపుకున్నారు, వాటి మీద బొమ్మలు మళ్ళీ వేయించుకున్నారు. 79లో వెసూవియస్ బద్దలైంది. ముందు నురుగురాళ్ళు కురిసి ఇళ్ళ కప్పులు కూలాయి. ఆ తర్వాత కొండ మీంచి మండే బూడిద దొర్లుకొచ్చి, మిగిలినవాళ్ళ ఊపిరి తీసింది. 1938లో పురావస్తు శాస్త్రవేత్త అమెదేయో మయూరి తవ్వించేదాకా ఆమె ఆ మట్టిలోనే ఉంది.

పరాయి దేవతల్ని దంతంలో దాచుకున్న ఇల్లు కూలడం అదే మొదలు కాదు. అసీరియా రాజులు కల్హు కోటలో ఫినీషియా పనివాళ్ళు చెక్కిన పలకలు పోగేశారు. వాటిలో తామరపువ్వు మీద బాల హోరస్ ఉన్నాడు, రెక్కల సింహికలున్నాయి, అన్నీ ఈజిప్టు పోలికలే. క్రీ.పూ. 612 నాటికి మీడులూ బాబిలోనియన్లూ ఆ కోటను కొల్లగొట్టి, బంగారు రేకు వొలుచుకుని దంతాన్ని పారేశారు. అసీరియా తొక్కిన ఈజిప్టే ఆఖరికి దానికి సాయంగా దండు కదిపింది. లాభం లేకపోయింది.

ఇటు తగర కూడా తేర్ అనే పల్లె అయింది. శాతవాహనుల చివరి రాజుల్లో ఒకడైన చండసాతి శాసనం మన పిఠాపురం పక్క కొడవలిలో ఉంది; క్రీ.శ. 3వ శతాబ్దంలో ఆ వంశమూ పోయింది.

ఆ దంతపు స్త్రీమూర్తి ఇప్పుడు నేపుల్స్ మ్యూజియం ‘రహస్య గది’లో, పాంపే శృంగార చిత్రాల సరసన ఉంది. ఇది నాకు మింగుడు పడదు. సాంచి దక్షిణ తోరణం మీద చెక్కడం విదిశ దంతకారుల పని అని అక్కడి శాసనమే చెబుతోంది. అక్కడి తోరణాల యక్షిణుల కిందుగానే భిక్షువులు స్తూపానికి నడిచారు. ఈమెకు ఆ గదిలో ఏం పని?